చక్కెర కర్మాగారములందు డిజిటల్ పీడన సెన్సారులు: చెఱకు రైతునకు దీనితో నేమి పని?

కోసిన చెఱకు బండిమీద నిలిచియున్నంతసేపును తూకము తఱుగును. అందలి పంచదారయు తఱుగును. ఇది ప్రతి రైతు నెఱిగినదే. కాని కర్మాగారపు వాకిట బండ్లు నిలిచిపోవుటకు ఒక్కొక్కప్పుడు ఒక సన్నని తీగెయే కారణమగునని మనలో నెందఱికి తెలియును?

కొన్ని సంవత్సరముల క్రిందట కొందఱు రైతులతో గూడ నేనొక చక్కెర కర్మాగారమునకు పోయితిని. నాడు తెల్లవాఱినది మొదలు గానుగ మందగించెను. ఆవిరి చాలకుండెను. కాని యంత్రశాలలోని తెరమీద చదరపు సెంటీమీటరునకు 32 కిలోల ఒత్తిడి సరిగా నున్నట్లే కనబడుచుండెను. ఒక పాత పనివాడు బాయిలరు మీదనున్న ముల్లు గేజిని చూచివచ్చి, “అయ్యా, అక్కడ ముప్పదియైనను లేదు” అని చెప్పెను. వెదకి చూడగా, రాత్రి కురిసిన అకాల వర్షపు నీరు తీగెలు కలియు పెట్టెలోనికి చేరియుండెను. ఒత్తిడి చాలినదని నమ్మి యంత్రము పిప్పి మేతను తనంతట తానే తగ్గించుచుండెను! మధ్యాహ్నము వఱకు బండ్లు ఎండలో నిలిచెను. ఆ నష్టము రైతులదే గదా.

ఇది యెట్లు జరిగినదో తెలిసికొందము. ముల్లు గేజిని 1849లో ఫ్రాన్సు దేశమున యూజీన్ బూర్డాన్ కనుగొనెను. వంచిన లోహపు గొట్టము ఒత్తిడికి సాగి ముల్లును త్రిప్పును. దానిని దగ్గఱకు పోయి చూడవలయును. దూరమునుండి తెలిసికొనుటకు అనలాగ్ సెన్సారులు వచ్చినవి. ఇవి ఒత్తిడిని విద్యుత్ప్రవాహముగా మార్చి రెండు తీగెలపై పంపును. ఒత్తిడి సున్న యైనచో 4 మిల్లీ ఆంపియర్లు, నిండు కొలత యైనచో 20. సున్నకు సున్నయే పంపక 4 పంపుటలో నొక యుక్తి కలదు: తీగె తెగినచో ప్రవాహము పూర్తిగా నాగును గనుక, ఆ లోపము వెంటనే బయటపడును.

కాని తీగె తెగక, తడిసినచో? నీటిగుండ కొంత ప్రవాహము అడ్డదారిని పోయి అసలు దానితో కలియును. నిండు కొలత 40 కిలోలైనచో ఒక్క మిల్లీ ఆంపియరు రెండున్నర కిలోలకు సమానము. ఆ ఒక్కటి అధికముగా చేరుటచే 29.5 కిలోలు 32గా కనబడును. ఆ యంకె నిజమో కాదో పరీక్షించు సాధనము అనలాగ్ పద్ధతిలో లేదు.

డిజిటల్ సెన్సారునందు చిన్న గణనయంత్రము ఇమిడియుండును. అది వేడివలన కలుగు తప్పును తానే దిద్దుకొని, ఒత్తిడిని అంకె రూపమున పంపును. తన దేహస్థితిని గూడ తెలుపును. 1983లో హనీవెల్ కంపెనీ యిట్టి సాధనమును విపణికి తెచ్చెను. ఆ దశాబ్దముననే రోజ్‌మౌంట్ కంపెనీ ‘హార్ట్’ అను సంకేతపద్ధతిని రూపొందించెను. ఇందు పాత 4–20 ప్రవాహముపైననే అంకెల సంకేతములు ప్రయాణించును. కావున తీగెలు మార్చ నక్కఱలేదు. పైన జెప్పిన కర్మాగారమున ఇది యుండినచో, సెన్సారు 29.5 అని చెప్పుచుండ ప్రవాహము 32 అని చూపుటచేత, తగవు వెంటనే తెలిసియుండెడిది.

మార్పు చేయువారు ఈ క్రింది విషయములను మఱవరాదు.

1. సెన్సారును మాత్రమే మార్చిన చాలదు. యంత్రశాలలోని సాధనము గూడ ఆ యంకెలను చదివి, ప్రవాహముతో పోల్చి, తేడా వచ్చినపుడు హెచ్చరింపవలయును. లేనిచో జోడెడ్లను కొని ఒంటెద్దుతో దున్నినట్లగును.

2. ‘హార్ట్’ అంకెలు క్షణమునకు రెండు మూడు మాఱులు మాత్రమే వచ్చును. కావున త్వరితముగా త్రిప్పవలసిన కవాటములకు 4–20 ప్రవాహమునే యుంచి, అంకెలను సాక్షిగా వాడుట మేలు.

3. అన్నిటిని ఒక్కమాఱు మార్చవలదు. మొదట బాయిలరునకు, పిదప ఆవిరి పెద్ద గొట్టములకు, తరువాత తక్కినవానికి. గానుగ ఆడని నెలలలో ఈ పని ముగించి, సరియైన తూకపు సాధనముతో కొలతలను సరిచూడవలయును.

4. ముల్లు గేజిని, సేఫ్టీ వాల్వులను ఎన్నటికిని తీసివేయరాదు. ప్రాణరక్షణ వానియందే కలదు. తడి చొరని పెట్టెలును ముఖ్యమే. డిజిటల్ సెన్సారు లోపమును చెప్పును గాని నీటిని తుడువదు.

సహకార కర్మాగారమునకు మనమే యజమానులము. రాబోవు సర్వసభ్య సమావేశమున ధరను గుఱించి యడుగునపుడే, “గడచిన ఋతువున ఆవిరి చాలక గానుగ ఎన్ని గంటలు ఆగినది? దానికి కారణమేమి?” అని గూడ అడుగుడు. ఆ గంటల లెక్కయే క్రొత్త సెన్సారులకు పెట్టు ధనము దండుగయో, లాభమో తేల్చగలదు.