వెతికే మాట మీద వేలంపాట

శోధనయంత్రంలో ఒక మాట టైపు చేసి మీట నొక్కాక, ఫలితాలు తెర మీదకు వచ్చేలోగా ఆ మాట మీద ఒక వేలంపాట జరిగిపోతుంది. పాటలో నెగ్గినవారి ప్రకటనలు సాధారణంగా పైవరుసలో కనిపిస్తాయి. వాటి కింద ఉండేవి యంత్రం తన లెక్క ప్రకారం ఏరిన పుటలు. కొత్తగా వెబ్‌సైటు తెరిచినవారు మొదట గ్రహించవలసింది ఈ రెండింటి తేడానే. కిందివరుసలో చోటు డబ్బుకు దొరకదు. ఉపయోగపడే విషయంతో, ఇతరులు ఇచ్చే లంకెలతో నెమ్మదిగా సంపాదించుకోవాలి. పైవరుసలో చోటు ఈ రోజే దొరుకుతుంది, డబ్బు ఆగిన రోజే పోతుంది.

ఈ పద్ధతికి బాట వేసింది బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ.కామ్. 1998లో అది మాటలను వేలానికి పెట్టింది. ఎక్కువ ఇచ్చినవారిదే మొదటి స్థానం. ప్రకటన కనిపించినందుకు కాక, క్లిక్ చేసినందుకే రుసుము. అదే సంవత్సరం సెర్గీ బ్రిన్, లారీ పేజ్ గూగుల్‌ను వివరించిన తమ పరిశోధనపత్రంలో, ప్రకటనల మీద బతికే శోధనయంత్రాలు సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతాయని రాశారు. 2000 అక్టోబరులో వారి సంస్థే యాడ్‌వర్డ్స్ పేరిట ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది.

2002లో గూగుల్ ఈ వేలాన్ని ఒక ముఖ్యమైన మార్పుతో చేపట్టింది. పాడిన ధర ఒక్కటే చాలదు, ప్రకటనను ఎందరు క్లిక్ చేస్తారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకరు క్లిక్‌కు 4 డాలర్లు పాడారు. వారి ప్రకటనను నూరుమంది చూస్తే ఇద్దరు క్లిక్ చేస్తారు. మరొకరు 3 డాలర్లే పాడారు, కాని నూటికి నలుగురు క్లిక్ చేస్తారు. మొదటివారి వల్ల యంత్రానికి వచ్చేది 8, రెండోవారి వల్ల 12. కాబట్టి తక్కువ పాడినవారే పైన ఉంటారు. పైగా వారు చెల్లించేది 3 కాదు; 8ని దాటడానికి సరిపడేంత, అంటే 2 డాలర్ల పైచిలుకు. నేటి లెక్కలో ప్రకటన వెతికిన మాటకు ఎంత తగినది, క్లిక్ చేశాక తెరుచుకునే పుట ఎంత ఉపయోగకరం అన్నవి కూడా చేరాయి.

ఒక పంటి వైద్యశాలనే తీసుకుంటే, ‘పంటినొప్పి ఎందుకు వస్తుంది’ అని వెతికేవారికి కావలసింది సమాచారం. ఊరి పేరుతో కలిపి ‘రూట్ కెనాల్ డాక్టర్’ అని వెతికేవారికి కావలసింది డాక్టరు. డబ్బు పెట్టవలసింది రెండో మాట మీద. ‘ఉద్యోగాలు’, ‘కోర్సు’ వంటి మాటలు ఉన్న వెతుకులాటలకు ప్రకటన కనిపించకుండా ముందే మినహాయించాలి. క్లిక్‌కు 2 డాలర్ల చొప్పున నూరు క్లిక్‌లకు 200 డాలర్లు ఖర్చయి, అయిదుగురు వైద్యానికి వస్తే, ఒక్కొక్కరికి అయిన ఖర్చు 40 డాలర్లు. చూసుకోవలసిన అంకె ఇది. క్లిక్‌లను మాత్రమే లెక్కపెట్టడం ఓపీ చీట్లు లెక్కపెట్టి, నయమైనవారిని వదిలేయడం వంటిది.

ఈ వేలంలో మాట ధరను నిర్ణయించేది దాని వెనుక ఉన్న లాభం. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్ పేరు అమెరికాలో అతి ఖరీదైన మాటలలో ఒకటిగా పేరుబడింది. కారణం వైద్యం కాదు, నష్టపరిహారపు దావాలు. రోగనిర్ధారణ జరిగిన రోజున ఆ మాట వెతికిన మనిషికి డాక్టరు కంటే ముందు లాయరు ఎదురుకావచ్చు. కెనడా మందుల దుకాణాలు అమెరికా వినియోగదారులకు ప్రకటనలు ఇవ్వడానికి అనుమతించినందుకు గూగుల్ 2011లో 50 కోట్ల డాలర్లు వదులుకోవలసి వచ్చింది. వ్యసనచికిత్స పేరిట దళారులు రోగులను మోసగిస్తున్నారని వెల్లడయ్యాక, 2017లో ఆ ప్రకటనలను కట్టడి చేసింది.

చెల్లింపు ఫలితాలను స్పష్టంగా వేరు చేసి చూపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లోనే శోధనయంత్రాలకు సూచించింది. ప్రకటన పక్కన కనిపించే చిన్న ‘స్పాన్సర్డ్’ గుర్తు పని అదే. బాధలో ఉన్నవారి కన్ను దాని మీద పడకపోవచ్చు. అందుకే ప్రకటనలో ఇచ్చిన మాట, తెరుచుకునే పుటలోనూ, చివరకు వైద్యశాలలోనూ నిలబడేలా చూసుకోవలసిన బాధ్యత ఆ చోటు కొన్న యజమానిదే.