హెచ్చరిక ఎవరికి? తెలుగు బైబిలులో ‘జనము’, ‘అన్యజనులు’ – ముంచింగిపుట్టు మన్యం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

దేవుణ్ణి విడిచిన జనాంగాలను గూర్చిన హెచ్చరికలు హీబ్రూ ప్రవక్తల గ్రంథాలలో విస్తారంగా కనిపిస్తాయి. అక్కడ జనాంగాన్ని తెలిపే ప్రధానపదం ‘గోయ్’. తెలుగు అనువాదంలో ఇది సందర్భాన్ని బట్టి ‘జనము’, ‘జనులు’, ‘అన్యజనులు’ అని విడిపోయింది. ఈ విభజన వల్ల హెచ్చరిక ఎవరిని ఉద్దేశించినదన్న అవగాహన ఎలా మారిందో, ముంచింగిపుట్టు వంటి ఆదివాసి ప్రాంతంలో ఆ మార్పు ఎందుకు ముఖ్యమైనదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గోయ్, జనము, అన్యజనులు, ప్రవక్తలు, అనువాదం, మన్యం, మధ్యమపురుష.

1. ప్రవేశిక:

ముంచింగిపుట్టు ఒడిశా సరిహద్దున ఉన్న మండలం. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేవరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. భగత, పోర్జ, కొండదొర, కొటియ, వాల్మీకి మొదలైన సముదాయాలు ఈ కొండప్రాంతంలో నివసిస్తున్నాయి. ఇంట్లో ఆదివాసి ఒరియా మాట్లాడే పిల్లవాడు బడిలో తెలుగు చదువుతాడు. ప్రార్థనమందిరంలో అతనికి వినిపించే గ్రంథభాష కూడా తెలుగే. ఒకే కుటుంబంలో ఆదివారం ప్రార్థనకు వెళ్లేవారు, ఊరి శంకుదేవుని పూజలో పాల్గొనేవారు కలిసి ఉండటం ఇక్కడ వింత కాదు. అటువంటి ఇంట్లో ‘అన్యజనులు’ అనే మాట చదివినప్పుడు అది ఎవరిమీద పడుతుంది? దూరదేశపు అష్షూరీయుల మీద కాదు, పక్కన కూర్చున్న నానమ్మ మీద పడుతుంది. కాబట్టి ఈ పదచర్చ కేవలం నిఘంటుసంబంధమైనది కాదు.

2. ఒకే మూలపదం, మూడు తెలుగు మాటలు:

తెలుగు బైబిలు అనువాదచరిత్రలో విశాఖపట్నానికి ప్రత్యేకస్థానం ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో అక్కడికి చేరుకొని ఆనందరాయరు అనే పండితుని సహాయంతో అనువాదం ఆరంభించారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదే కేంద్రంలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్తనిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. పాతనిబంధన పూర్తి కావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. తరువాతి సవరణలతో స్థిరపడి, నేటికీ సంఘాలలో అత్యధికంగా చదివే పాఠాన్నే ఇక్కడ పరిశీలనకు తీసుకున్నాను.

హీబ్రూలో ‘గోయ్’ అంటే ఒక జనాంగం. పరాయివారు అన్న అర్థం అందులో నియతంగా లేదు. అబ్రాహాముకు చేసిన వాగ్దానంలో (ఆదికాండము 12:2), సీనాయి కొండ వద్ద ఇశ్రాయేలుకు ఇచ్చిన మాటలో (నిర్గమకాండము 19:6) ఉన్నది ఈ పదమే. యెషయా తన సొంత ప్రజలను పాపులని నిందించినప్పుడు (1:4) కూడా ఇదే పదం వాడాడు. ఈ మూడుచోట్లా తెలుగులో ‘జనము’ అనే ఉంది.

కీర్తనల గ్రంథానికి వస్తే చిత్రం మారుతుంది. 2:1లో అల్లరి రేపేవారు ‘అన్యజనులు’. 33:12లో దేవుణ్ణి తమవాడిగా చేసుకొని ధన్యులైనవారు ‘జనులు’. మూలంలో రెండుచోట్లా ‘గోయ్’ శబ్దమే ఉంది. మొదటిచోట బహువచనం, రెండవచోట ఏకవచనం, అంతే తేడా. తొమ్మిదవ కీర్తన మరింత ఆసక్తికరం. దానిలో అయిదవ వచనంలో గద్దింపు పొందినవారు ‘అన్యజనులు’ కాగా, పదిహేడవ వచనంలో దేవుణ్ణి మరచినవారు ‘జనులు’. మూలంలో రెండూ ‘గోయిమ్’. తిరుగుబాటు చేస్తే అన్యులు, ధన్యులైతే జనులు అన్న నియమం ఈ అనువాదంలో అన్నివేళలా పాటింపబడిందని చెప్పలేము గాని, మొగ్గు మాత్రం అటువైపే ఉంది. ఈ విభజన తెలుగుకే పరిమితం కాదు. 1611 నాటి ఆంగ్ల అనువాదంలోనూ ఈ కీర్తనలలో ఇదే చీలిక కనిపిస్తుంది. 1885 నాటి ఆంగ్ల సవరణలో రెండవ కీర్తనలోని మాటను జనాంగాలు అన్న తటస్థార్థానికి మార్చారు. తెలుగులో ‘అన్యజనులు’ నిలిచిపోయింది.

ఇక్కడ ‘అన్య’ శబ్దం గురించి ఒక మాట. మన వ్యాకరణసంప్రదాయంలో ‘అన్యదేశ్యము’ అన్నప్పుడు నింద లేదు. వేరొక భాషనుండి వచ్చినదని మాత్రమే అర్థం. క్రైస్తవవ్యవహారంలో ‘అన్యులు’, ‘అన్యాచారము’ అన్నప్పుడు విశ్వాసం లేనివారు, విడువదగిన ఆచారం అన్న అర్థాలు స్థిరపడ్డాయి. తటస్థమైన విశేషణం మతపరమైన సరిహద్దుగా మారింది. అర్థపరిణామానికి పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

3. మధ్యమపురుషలోని హెచ్చరిక:

ప్రవక్తల హెచ్చరికలు ప్రధానంగా మధ్యమపురుషలో ఉంటాయి. ‘మీరు’ అని సంబోధిస్తాయి. చదివేవాడు వాటిని ప్రథమపురుషలోకి మార్చి ‘వారు’ అని అర్థం చేసుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ఆమోసు గ్రంథపు మొదటి రెండు అధ్యాయాలు దీనికి ఉత్తమమైన నిదర్శనం. క్రీ.పూ. 8వ శతాబ్దికి చెందిన ఈ ప్రవక్త దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబులపై వరుసగా తీర్పు చదువుతాడు. ఇశ్రాయేలు శ్రోతలు ఇంతవరకు తలలూపి ఉంటారు. ఆ తరువాత యూదా, చివరకు ఇశ్రాయేలు. వల చుట్టూ తిరిగి వచ్చి వినేవారి మెడకే పడుతుంది.

ఆ అభియోగాలను జాగ్రత్తగా చూడాలి. ఇరుగుపొరుగు జనాంగాలమీద మోపిన నేరాలలో వేరే దేవతలను కొలిచారన్నది లేదు. దమస్కు గిలాదును ఇనుప పనిముట్లతో నూర్చింది. గాజా ఒక జనసమూహాన్నంతా చెరపట్టి ఎదోముకు అప్పగించింది. (జోలాపుట్టు జలాశయం కింద ఊళ్లు మునిగిన మాచ్‌ఖండ్ లోయలో, జనాన్ని ఉన్నచోటునుండి కదల్చడం అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు.) అమ్మోను గర్భిణీస్త్రీలను చంపింది. మోయాబు చేసిన నేరం ఎదోము రాజు ఎముకలను కాల్చడం. అంటే ఒక ‘అన్య’ జనాంగం మరొక ‘అన్య’ జనాంగానికి చేసిన అపచారం కూడా లెక్కకు వచ్చింది. ధర్మశాస్త్రాన్ని విసర్జించారన్న అభియోగం యూదా మీద మాత్రమే ఉంది. ఇశ్రాయేలు మీద బీదవానిని ఒక జత చెప్పులకు అమ్మివేశారన్నది ముఖ్యమైన నేరం. ఎరిగినవారికే శిక్ష ఎక్కువ అన్న సూత్రాన్ని ఆమోసు 3:2 స్పష్టం చేస్తుంది.

దీనికి ఎదురు సాక్ష్యాలు లేకపోలేదు. యిర్మీయా 10:25, కీర్తన 79:6 దేవుణ్ణి ఎరుగని జనాంగాలమీద ఉగ్రతను కోరతాయి. నహూము గ్రంథమంతా నీనెవె పతనం గురించినదే. వీటిని దాచి చదవడం పరిశోధన అనిపించుకోదు. అయినా కీర్తన 79 యెరూషలేము శిథిలాల నడుమ బాధితుల నోట వచ్చిన మొర. నహూము ఆ నగరంమీద మోపిన ప్రధానాభియోగం రక్తపాతం. కనాను జనాంగాలను దేశం కక్కివేసిందని చెప్పే లేవీయకాండము 18 సైతం, మీరు అలాగే చేస్తే మిమ్మల్నీ కక్కివేస్తుందనే హెచ్చరికవైపే మళ్లుతుంది. ద్వితీయోపదేశకాండము 9:4-5 ఇశ్రాయేలు నీతిని చూసి ఆ దేశం ఇవ్వలేదని తేల్చిచెబుతుంది.

4. కొండ ఊరిలో సమష్టిబాధ్యత:

వ్యక్తి చేసిన పాపానికి జనమంతా ఎందుకు బాధ్యత వహించాలన్న ప్రశ్న పట్టణపు పాఠకునికి వెంటనే వస్తుంది. ముంచింగిపుట్టు పరిసరాల పాఠకునికి అది అంత అపరిచితం కాదు. ఇక్కడ కొర్ర, చిక్కుడు, మామిడి ఏది చేతికి వచ్చినా ముందు ‘కొత్త’ పండుగ జరగాలి. ఊరంతా కలిసి దేవతకు సమర్పించకముందు ఒక్కరు తిన్నా అది ఊరి దోషమే అవుతుంది. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ కూడా ఊరు ఊరుగా జరుపుకొనేదే. దోషం ఏమిటో దిసారి, గురుమాయి వంటివారు చెబుతారు. పరిహారాన్ని ఊరు భరిస్తుంది.

ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. కొండ ఊరి ఆచారంలో దోషం ప్రధానంగా కాలక్రమం, నైవేద్యం, హద్దులకు సంబంధించినది. ప్రవక్తల దృష్టిలో నైవేద్యాలు సక్రమంగా జరుగుతున్నా బీదవానికి న్యాయం జరగకపోతే అవి తిరస్కృతమే (ఆమోసు 5:21-24). కాని ‘జనము’ అంటే రాజ్యయంత్రం కాదు, ఒకరి తప్పును మరొకరు మోసే మనుషుల సమూహం అన్న మూలార్థాన్ని గ్రహించడానికి కొండ ఊరు మంచి ప్రవేశద్వారం. ‘పోర్జ’ అనే తెగపేరును ‘ప్రజ’ శబ్దంతో ముడిపెట్టే వ్యుత్పత్తి ఒకటి ప్రచారంలో ఉంది. దానిని అంగీకరిస్తే, తెలుగు బైబిలులో ఇశ్రాయేలుకు వాడిన ‘ప్రజలు’ అన్న మాటే ఈ కొండవారి పేరు కూడా.

5. కాలజ్ఞానం కాదు:

ఈ హెచ్చరికలను తెలుగు పాఠకుడు కాలజ్ఞానంలా చదవడం మరొక అలవాటు. భాగవతం ద్వాదశస్కంధంలో (తెలుగులో వెలిగందల నారయ చేత) వర్ణితమైన కలిధర్మాలు కాలగతిలో జరిగితీరేవి. ప్రవక్తల హెచ్చరిక షరతుతో కూడినది. యిర్మీయా 18:7-10 కుమ్మరి సారె దృష్టాంతంతో దీనిని సూత్రీకరించింది. ఏ జనమైనా సరే, మళ్లుకుంటే తలపెట్టిన కీడు ఆగిపోతుంది. తప్పిపోతే తలపెట్టిన మేలూ ఆగిపోతుంది. ఇక్కడ తెలుగు అనువాదం ‘గోయ్’కు ‘జనము’ అనే వాడింది. అందువల్ల ఈ సూత్రం ఇశ్రాయేలుకూ ఇతరులకూ సమంగా వర్తిస్తుందన్న విషయం తెలుగులో చెక్కుచెదరలేదు. హెచ్చరిక నిజం కాకపోవడమే దాని సాఫల్యం. యోనాకు కోపం వచ్చింది అందుకే.

ఆ గ్రంథం విషయంలో గమనించవలసినది మరొకటి ఉంది. ఇశ్రాయేలు, యూదాలు ప్రవక్తలను పెడచెవిన పెట్టాయి. షోమ్రోను క్రీ.పూ. 722లో, యెరూషలేము క్రీ.పూ. 586లో పతనమయ్యాయి. హెచ్చరిక విన్న వెంటనే రాజు మొదలు పశువుల వరకు ఉపవాసం ఉన్న ఊరు నీనెవె. తమ చేతులలోని బలాత్కారాన్ని విడిచిపెట్టండని రాజు ఆజ్ఞ. వారు తమ దేవతలను త్యజించారని గాని, ఇశ్రాయేలులో చేరారని గాని కథ చెప్పదు. యోనా 3:5లో వారిని పేర్కొనేటప్పుడు మూలంలో ‘గోయ్’ లేదు, నీనెవె మనుషులు అని ఉంది. తెలుగు అనువాదకులు కూడా అక్కడ ‘అన్యజనులు’ అనలేదు, ‘పట్టణపువారు’ అన్నారు.