నలభై మంది వినే పాటలు

శనివారం రాత్రి ఎక్కడికి వెళ్తున్నావని మా ఆవిడ అడగడం ఎప్పుడో మానేసింది. "ఇవాళ ఏ సందు?" అని మాత్రం అడుగుతుంది.

సందు అన్నందుకు నేనేమీ అనుకోను, చాలావరకు నిజమే. షికాగోలో నేను వెళ్ళే క్లబ్బులు ఇంచుమించు అన్నీ ఒకేలా ఉంటాయి. ముందు బారు, దాని వెనక ఒక చీకటి గది, ఆ గది చివర మోకాలెత్తు స్టేజి. క్లబ్బు అనగానే మన సినిమాల్లో చూపించే రంగురంగుల దీపాలూ, ఊగిపోయే డాన్సర్లూ గుర్తొస్తే వెంటనే తుడిచేయండి. ఇక్కడ జనం జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి పాట వింటారు, అంతే. నాకా ఏ వాయిద్యమూ రాదు. పగలంతా ఒక ఇన్సూరెన్సు కంపెనీ డేటాబేసులు చూసుకుంటాను. ఎనిమిదేళ్ళుగా నెలకి రెండు మూడు రాత్రులు మాత్రం ఈ గదులకే ఇచ్చేశాను.

నేను వెంటపడేది ముఖ్యంగా పవర్ పాప్ వాయించే బ్యాండ్ల కోసం. ఆ మాట పుట్టింది 1967లో, ద హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ నోట, వాళ్ళ పాటల గురించి చెబుతుండగా. గిటార్లు గట్టిగా మోగాలి, డ్రమ్స్ ఇంకా గట్టిగా మోగాలి. పైన పాడే వరస మాత్రం బీటిల్స్ పాటలా తియ్యగా, రెండు మూడు గొంతులు కలిసి సాగాలి. పాట మూడు నిమిషాల్లో అయిపోవాలి. మాటలు వింటే ఏడుపు, ట్యూను వింటే పండగ. మన సినిమా పాట సాధారణంగా పల్లవితోనే మొదలవుతుంది, తీపి ముందే పెట్టేస్తుంది. వీళ్ళు చరణంతో మొదలుపెట్టి ఊరిస్తారు. చరణం చివర రెండు లైన్లలో మెట్లెక్కించినట్టు ఎక్కించి, పై మెట్టు మీంచి పల్లవిలోకి వదిలేస్తారు. రెండో పల్లవి అయ్యాక అప్పటిదాకా వినని చిన్న ముక్క ఒకటి వస్తుంది. దాన్ని మిడిల్ ఎయిట్ అంటారు. అది బాగుంటే ఆ బ్యాండుకి పాట కట్టడం వచ్చని లెక్క. నేను దాని కోసమే కాచుకుని ఉంటాను.

ఈ రకం పాటకి ఇల్లినాయ్ పుట్టిల్లు కాదు గానీ, మేనమామ ఇల్లు అనొచ్చు. చీప్ ట్రిక్ వాళ్ళది ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న రాక్‌ఫర్డ్. 1978 ఏప్రిల్‌లో టోక్యోలోని బుడోకాన్‌లో రికార్డు చేసిన కచేరీ వాళ్ళని అమెరికా అంతటికీ తెలిసేలా చేసింది. నాకు వాళ్ళకంటే ఇష్టమైన కథ షూస్ బ్యాండుది. మిషిగన్ సరస్సు ఒడ్డున, విస్కాన్సిన్ సరిహద్దు దగ్గర జయన్ అని చిన్న ఊరు ఉంది. మందూ పొగాకూ కూడదని ఒక మతబోధకుడు 1901లో కట్టించిన ఊరు (రాక్ పాటకి పుట్టడానికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు!). అక్కడ మర్ఫీ అన్నదమ్ములూ, వాళ్ళ స్నేహితులూ కలిసి ఇంటి హాల్లో నాలుగు ట్రాకుల టేపు మెషీను పెట్టుకుని 1977లో 'బ్లాక్ వినైల్ షూస్' అనే రికార్డు చేశారు. తర్వాత పెద్ద కంపెనీ పిలిచింది, కొన్నాళ్ళకి వదిలేసింది కూడా. వాళ్ళు ఊరు వదల్లేదు, అక్కడే స్టూడియో నడుపుకున్నారు. 1991లో షికాగో బ్యాండు మెటీరియల్ ఇష్యూ తమ మొదటి పూర్తి ఆల్బం 'ఇంటర్నేషనల్ పాప్ ఓవర్‌త్రో' చేసింది ఆ స్టూడియోలోనే, నిర్మాత ఆ అన్నదమ్ముల్లో ఒకడైన జెఫ్ మర్ఫీయే. వాలరీ, డయాన్, రెనే అంటూ పాటకో అమ్మాయి పేరు. ఈ అమ్మాయిల పేర్ల పిచ్చి పవర్ పాప్‌కి పాత జబ్బు. మనకీ ఉందనుకోండి. ఆ పాటలు రాసి పాడిన జిమ్ ఎలిసన్ 1996లో చనిపోయాడు. రెండేళ్ళకి లాస్ ఏంజెలెస్‌లో పవర్ పాప్ బ్యాండ్ల కోసం ఒక ఉత్సవం మొదలైంది, దానికి ఆ ఆల్బం పేరే పెట్టారు. ఆ తర్వాత అది షికాగోకీ వచ్చింది. నేను వినే బ్యాండ్లలో సగం నాకు అక్కడే పరిచయమయ్యాయి.

నేను ఒంగోల్లో పెరిగాను. మాకు పాటంటే సినిమా పాటే. శ్రీరామనవమి పందిట్లో ఆర్కెస్ట్రా పెడితే, బాగా పాడాడంటే అచ్చం బాలు గారిలా పాడాడని అర్థం. గద్దర్, వంగపండు లాంటివాళ్ళు సొంతంగా పాటలు కట్టి ఊరూరా పాడారు, కాదనను, కానీ అది ఉద్యమం దారి. ఉద్యోగం విసుగ్గా ఉందనో, ఆ అమ్మాయి ఫోను ఎత్తడం లేదనో, మా బస్టాండు గురించో సొంతంగా పాట కట్టుకుని మా వీధిలో పాడినవాడు మాత్రం నాకు ఒక్కడూ తెలీదు. మద్రాసులోనో హైదరాబాదులోనో తయారైన పాట మా ఊరికి వచ్చేది, మేం వినేవాళ్ళం. ఇక్కడికొచ్చాక కూడా తెలుగు సంఘం వాళ్ళు ఏడాదికోసారి హైస్కూలు ఆడిటోరియంలో సినిమా గాయకుల్ని పాడిస్తారు. వెళ్తాను, ఈలలు కూడా వేస్తాను. కానీ పగలు హార్డ్‌వేర్ షాపులో మేకులు తూచినవాడు రాత్రి స్టేజెక్కి తన పాట తను పాడడం నాకు కొత్త. ఇంకా కొత్తగానే ఉంది.

ఒక రాత్రికి మూడు బ్యాండ్లుంటాయి. మొదటి బ్యాండు వాయించేటప్పుడు గదిలో ఉండేది చుట్టాలూ స్నేహితులూనే. నిజం చెప్పాలంటే వాటిలో చాలావాటికి ఇంకో ఏడాది సాధన కావాలి. అయినా నేను తొందరగానే వెళ్తాను. ఒకసారి నా పక్కన అరవై దాటిన ఒక పెద్దాయన చెవుల్లో దూది పెట్టుకుని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. బేస్ వాయిస్తున్నది తన కొడుకని చెప్పాడు. వీళ్ళు నీకెలా తెలుసని అడిగాడు. తెలీదండీ, బయట బోర్డు మీద పేరు చూసి వచ్చానన్నాను. ఆయన భార్య వైపు తిరిగి, ఆ చప్పుళ్ళో కూడా వినపడేలా అరిచి చెప్పాడు, ఇతనికి మనవాళ్ళెవరో తెలీదట, ఊరికే వచ్చాడట అని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ కుర్రాడి వాయింపు అంతంత మాత్రమే. బాగుందన్నాను.

డబ్బు సంగతి చూస్తే జాలేస్తుంది. టికెట్టు 12 డాలర్లనుకోండి, నలభై మంది వస్తే 480. సౌండు చూసే మనిషికీ, తలుపు దగ్గర నిలబడే మనిషికీ పోగా మిగిలింది మూడు బ్యాండ్లు పంచుకోవాలి. ఒక్కో బ్యాండులో నలుగురు. క్లబ్బుకి ఆదాయం టికెట్టు మీద కాదు, బీరు మీద. అందుకే నేను మందు తాగకపోయినా సోడా కొని టిప్పు గట్టిగా ఇస్తాను. బ్యాండుకి నాలుగు డబ్బులు మిగిలేది వెనక బల్ల మీద అమ్మే టీషర్టులూ రికార్డుల వల్లే. రికార్డ్ ప్లేయరు కొనకముందే మా ఇంట్లో ఆరు రికార్డులుండేవి.

గదులు కూడా బ్యాండ్లలాగే ఎప్పుడుంటాయో ఎప్పుడు పోతాయో తెలీదు. బెల్మాంట్, సౌత్‌పోర్ట్ వీధుల మూల మీదున్న షూబాస్ 1903లో ష్లిట్జ్ బీరు కంపెనీ కట్టించిన భవనం. బయట గోడ మీద ఆ కంపెనీ గ్లోబు ఇప్పటికీ ఉంది. లోపల గదిలో పట్టేది 165 మంది. వెస్టర్న్ అవెన్యూ మీదున్న ఎంప్టీ బాటిల్ 1992 నుంచి నడుస్తోంది, సోమవారాలు ఉచితంగా పాడించే అలవాటుంది వాళ్ళకి. కొత్తగా వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఆ సోమవారమే. లౌంజ్ యాక్స్ అని లింకన్ అవెన్యూ మీద ఇంకోటి ఉండేది, పాతవాళ్ళు దాని గురించి పోయిన చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ఇరుగుపొరుగు నుంచి చప్పుడు ఫిర్యాదులతో నలిగి నలిగి 2000 జనవరిలో మూతపడింది. 2020 మార్చిలో అయితే అన్నీ ఒక్క వారంలో మూసేశారు. అన్నిటికంటే ముందు మూసి, చివరికి తెరిచే వ్యాపారం ఇది. దేశమంతటా చిన్న క్లబ్బుల వాళ్ళు సంఘం పెట్టుకుని పోరాడితే ఆ డిసెంబరులో 15 బిలియన్ డాలర్ల సాయానికి చట్టం వచ్చింది. ఆ డబ్బు చేతికి అందడం మొదలయ్యేసరికి మరుసటి ఏడాది వేసవి దగ్గరపడింది.

ఈ రోజుల్లోనే మా అమ్మ ఒంగోలు నుంచి ఫోన్లో, "అంత చప్పుడులో ఏం వినపడుద్దిరా నీకు? చెవుల్లో దూది పెట్టుకో నాయనా" అంది. దూది కాదమ్మా, ప్లగ్గులని ఉంటాయి, మాట తెలుస్తుంది, చప్పుడు తగ్గుతుంది అని చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. బారు దగ్గర అడిగితే కొన్నిచోట్ల ఊరికే ఇస్తారు.

ఇక అసలు సంగతి. 2015 నుంచి నేను వదలకుండా వింటున్న బ్యాండు ఒకటుంది. పేరు రాయను, వాళ్ళ మాటలు వాళ్ళని అడక్కుండా రాస్తున్నాను కాబట్టి. పాడే అతను హైస్కూల్లో సైన్సు టీచరు, డ్రమ్స్ వాయించే ఆవిడ నర్సు. కరోనా రోజుల్లో ఆవిడ డ్యూటీ దిగి వచ్చి నిద్రపోకుండా బేస్‌మెంట్‌లో వాయిస్తే లైవ్‌లో చూశాం. నేను వాళ్ళవి 31 కచేరీలు చూశాను. ఎలా తెలుసంటే ఎక్సెల్ షీటు ఉంది. తేదీ, క్లబ్బు, ఏ పాట తర్వాత ఏ పాట, అన్నీ. స్టేజి మీద నేలకి అంటించే పాటల చీటీని ఫోటో తీసుకుని ఇంటికొచ్చి ఎక్కిస్తాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. ఆవిడది సైకాలజీ డిగ్రీ, వాదించను.

పోయిన నెల పాట అయిపోయాక ఆంప్లిఫయరు వ్యానులోకి ఎత్తడానికి ఒక చెయ్యి వేస్తుంటే టీచరు చెప్పాడు, బేస్ వాయించే అతను ఉద్యోగం మారి ఫీనిక్స్ వెళ్ళిపోతున్నాడని. కొత్తవాణ్ణి వెతుక్కుని, అన్ని పాటలూ మళ్ళీ నేర్పి, మూడు గొంతులు మళ్ళీ కలపడానికి ఓపిక ఉందో లేదో తనకే తెలీదన్నాడు. నవంబరులో ఒక్క కచేరీ ఖాయం, ఆ తర్వాత చూడాలి అన్నాడు. దానికి ఏ పాటలు పెడితే బాగుంటుందని నన్ను అడిగాడు. వెస్టర్న్ అవెన్యూ మీద 49 నంబరు బస్సు కోసం చలిలో నిలబడే పాట పెట్టమన్నాను. అతను అయోమయంగా చూశాడు. 2016లో రెండుసార్లు పాడారు కదా, ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. రికార్డు చేయలేదట. మాటలు రాసుకున్న నోటుబుక్కు ఇల్లు మారినప్పుడు పోయిందట. పల్లవి కొంచెం హమ్ చేశాడు, మిడిల్ ఎయిట్ దగ్గర ఆగిపోయాడు.

నా పాత ఫోన్లో మేలో పాడినది ఉంది. ముందు వరసలో ఎవరో దగ్గుతారు, గ్లాసులు మోగుతాయి, కానీ పాట మొత్తం ఉంది, 2 నిమిషాల 51 సెకన్లు. ఇంటికెళ్ళి ఆ రాత్రే పంపించాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. రెండో చరణంలో ఒక మాట ఎన్నిసార్లు విన్నా అర్థం కావడం లేదు, నీకేమైనా తెలుస్తోందా అని. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఓ అరగంట విన్నాను. నాకు వినపడింది రాసి పంపాను. అది కాదేమో, కానీ ఇదీ బాగానే ఉంది, ఇదే పాడతాను అన్నాడు.

కచేరీ నవంబరు రెండో శనివారం. తలుపులు ఎనిమిదింటికి తీస్తారు, టికెట్టు 12 డాలర్లు. నేపర్‌విల్ వైపు నుంచి ఎవరైనా వస్తానంటే నా కారులో మూడు సీట్లు ఖాళీ.