నదిలో ఒకరోజు: పడవ విహారం, రేవు బజారు

4.0 పరిచయం

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒకరోజు నదీ విహార ప్యాకేజీ ఎలా తయారవుతుందో, అందులో ప్రయాణికుడి ప్రాణభద్రత ఎవరి నిర్ణయంపై ఆధారపడి ఉంటుందో, రేవులో అమ్మే వస్తువుకు ధర ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు. ఇందుకు ప్రధాన ఉదాహరణగా గోదావరిపై జరిగే పాపికొండల విహారయాత్రను తీసుకుంటున్నాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులకు పడవ ప్రయాణం అలవాటైన విషయం కాదు. నిమ్మనపల్లె దగ్గర బాహుదా నదిపై జలాశయం ఉంది. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరుగా మారి పెన్నలో చేరతాయి. ఇవన్నీ వాన పడితేనే పారే ఏర్లు. వీటిపై లాంచీ నడిపే అవకాశం లేదు. అందువల్ల నిమ్మనపల్లె వాసి పాపికొండలు చూడాలంటే తిరుపతి వెళ్ళి, అక్కడి నుంచి రాత్రంతా రైలులో ప్రయాణించి రాజమహేంద్రవరం చేరుకోవాలి. రానూపోనూ కలిపితే మూడు రోజుల పని. కరపత్రంలో మాత్రం దాని పేరు 'ఒకరోజు యాత్ర'. పర్యాటక సేవల గురించి చదివేటప్పుడు ఈ తేడాను మొదటే గుర్తించాలి. ప్యాకేజీ అమ్మేవారు రేవు నుంచి రేవు వరకు ఉన్న కాలాన్నే లెక్కిస్తారు. కొనేవారు ఇంటి గడప నుంచి గడప వరకు లెక్కిస్తారు. ఇంత దూరం వచ్చినవారు "ఈరోజు వరద ఉంది, బోటు లేదు" అన్న మాటను సులభంగా అంగీకరించలేరు. ఈ విషయం 4.2లో మళ్ళీ వస్తుంది.

4.1 టికెట్టులో ఏముంది?

పాపికొండలు తూర్పు కనుమల్లో గోదావరి ఇరుకైన లోయగుండా పారే చోట ఉన్నాయి. దూరం నుంచి చూస్తే నది ఆ కొండలను పాపిడి తీసినట్లు కనిపిస్తుందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ స్థానికులు చెబుతారు. ఈ అడవులను 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఒకప్పుడు పర్యాటకులు పోలవరం దిగువనున్న పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల్లోనే బోటు ఎక్కేవారు. పోలవరం ప్రాజెక్టు ఎగువ కాఫర్ డ్యామ్ నదికి అడ్డుగా లేచి, 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించిన తరువాత ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి బస్సులో డ్యామ్ పైభాగానికి, గండిపోచమ్మ ఆలయం దగ్గరి రేవుకు తీసుకువెళతారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరంలో ఎక్కుతారు. రెండు వైపుల వారికీ ముఖ్యమైన మజిలీ పేరంటాలపల్లి. అక్కడ రామకృష్ణ మునివాటం, శివాలయం, ఒడ్డున వెదురు బొమ్మల దుకాణాలు ఉంటాయి.

టికెట్టు ధరలో బస్సు, బోటు, అల్పాహారం, భోజనం, మార్గదర్శి మాటలు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని విడివిడిగా కొనే వీలుండదు. ఇలా సేవలను కట్టగట్టి అమ్మడాన్నే ప్యాకేజీ అంటాం. ఇందులో అసలు అమ్ముడయ్యేది బోటులో కుర్చీ కాదు, ఒక కాలపట్టిక. ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, చీకటి పడకముందే ఎలా తిరిగి చేరాలి అనే విషయాలు ముందే నిర్ణయమై ఉంటాయి. మైకు పట్టుకున్న మార్గదర్శి కొండల పేర్లు చెప్పడం, పాటలు పాడించడం పైకి కనిపించే పని. దిగినవారిని సమయానికి మళ్ళీ ఎక్కించడం అతని అసలు పని.

ఈ వ్యాపారంలోని ఖర్చుల స్వభావాన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక బోటు ఒకరోజు తిరగడానికి డీజిలు, సరంగు, సిబ్బంది, అద్దె, పన్నులు కలిపి 40,000 రూపాయలు అవుతుందనుకోండి. టికెట్టు 1,000 రూపాయలు. భోజనం ఖర్చును లెక్క సులువు కోసం పక్కన పెడదాం. నలభై మంది ఎక్కితే ఖర్చులు సరిపోతాయి. నలభై ఒకటో మనిషి నుంచి వచ్చేదంతా లాభమే. ముప్పై మందితో వెళితే పదివేలు నష్టం. బోటు రేవులోనే ఉండిపోతే డీజిలు మిగులుతుంది గాని అద్దె, జీతాలు మిగలవు, పైగా టికెట్ల డబ్బు వాపసు ఇవ్వాలి. ప్రయాణికుల సంఖ్యతో సంబంధం లేని ఇటువంటి ఖర్చును స్థిర వ్యయం అంటాం. స్థిర వ్యయం ఎక్కువగా ఉన్న వ్యాపారంలో యజమానిపై రెండు ఒత్తిళ్ళు ఉంటాయి: బోటు నింపాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. ఇది ఒక యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న కాదు. ఈ లెక్క ఎవరి చేతిలో పెట్టినా అటే లాగుతుంది.

4.2 ఆపే అధికారం ఎవరిది?

2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వద్ద, కృష్ణా గోదావరుల పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. కార్తీక మాసపు ఆదివారం, రద్దీ సమయం. ఆ పడవకు పర్యాటకులను ఎక్కించుకునే అనుమతే లేదు. రెండేళ్ళు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు వెళుతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. దాదాపు యాభై మంది ప్రాణాలు కోల్పోయారు. బతికి బయటపడిన 26 మందిలో చాలామందిని కాపాడినవారు ఒడ్డునుంచి తమ పడవల్లో వెళ్ళిన గిరిజనులే. నది అడుగున చిక్కుకున్న బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటకు తీయగలిగింది. అంటే 38వ రోజున.

ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే దాదాపు 28 లీటర్ల నీరు. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 1 కోటి 40 లక్షల లీటర్లు. వేసవిలో మన వీధికి వచ్చే 10,000 లీటర్ల ట్యాంకరును గుర్తుచేసుకోండి. అలాంటివి పద్నాలుగు వందలు ఒక్క సెకనులో దాటిపోయినట్లు.

అయినా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర అది ప్రమాద హెచ్చరిక స్థాయి కాదు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితేనే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. ఆ హెచ్చరికలు లంక గ్రామాల కోసం, గట్ల కోసం ఏర్పరచినవి. బోటుకు కావలసిన కొలత వేరు. ప్రవాహ పరిమాణం అంటే నది అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో హెచ్చించగా వచ్చేది. ధవళేశ్వరం దగ్గర కొన్ని కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నీరే కొండల మధ్య ఇరుకు దారిలో దూరాలి. వెడల్పు తగ్గినచోట లోతూ వేగమూ పెరగక తప్పదు. నది మలుపు తిరిగే చోట, నీటి అడుగున రాళ్ళున్న చోట సుడులు లేస్తాయి. స్థానికులు కచ్చులూరు మందం అని పిలిచేది అలాంటి చోటే. "హెచ్చరిక లేదు కదా" అన్న వాదన అందుకే చెల్లదు.

బోటు ఆపాలన్న నిర్ణయాన్ని, ఆపితే నష్టపోయేవారికే వదిలిపెట్టడం ఈ ఏర్పాటులోని మూల లోపమని ఈ రచయిత అభిప్రాయం. సరంగు యజమాని జీతగాడు. మార్గదర్శి ప్యాకేజీ అమ్మిన సంస్థ మనిషి. ప్రయాణికుడేమో మూడు రోజులు సెలవు పెట్టి, రైలు టికెట్టు కొనుక్కుని వచ్చాడు, అతనికీ వెళ్ళాలనే ఉంటుంది. రేవులో నిలబడిన ఎవరికీ 'వద్దు' అనడం వల్ల లాభం లేదు. కచ్చులూరు ప్రమాదం తరువాత విహార బోట్లు చాలాకాలం నిలిచిపోయాయి. ఆ తరువాత రెవెన్యూ, పోలీసు, జలవనరుల, పర్యాటక శాఖల సిబ్బందితో రేవుల దగ్గర కంట్రోల్ రూములు ఏర్పాటు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ప్రయాణికుల పేర్లు రాయడం, లైఫ్ జాకెట్లు చూడడం వాటి రోజువారీ పని. అయితే వాటి విలువ అంతా టికెట్ల ఆదాయంతో సంబంధం లేని మనిషి చేతిలో ఆపే అధికారం ఉండడంలోనే ఉంది.

చట్టం కూడా మారింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టాన్ని ఆమోదించింది. నౌక నమోదు, సర్వే ధ్రువపత్రం, నడిపేవారి అర్హత, బీమా వంటి విషయాల్లో దేశమంతటికీ ఒకే పద్ధతిని ఇది నిర్దేశిస్తుంది. ప్రయాణికుడు మాత్రం చట్టం చదువుతూ కూర్చోలేడు. ఎక్కేముందు మూడు సంగతులు చూస్తే చాలు: బోటుపై రాసిన అనుమతి సంఖ్యకూ ఎక్కిన తలలకూ పొంతన ఉందా, లైఫ్ జాకెట్టు తొడిగించారా లేక కుర్చీ కింద కట్టగా పడేశారా, తన పేరు జాబితాలో రాసుకున్నారా. మూడోది చాలామంది పట్టించుకోరు. ప్రమాదం జరిగినప్పుడు ఎంతమందిని వెతకాలో తెలిసేది ఆ జాబితాతోనే.

4.3 రేవు బజారు

ఇక కొనుగోళ్ళ సంగతి. మదనపల్లె టమోటా మార్కెట్టును చూసినవారికి ధర ఎలా ఏర్పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వ్యాపారులు వేలంలో పోటీపడతారు. ఒక మండీలో ధర నచ్చకపోతే పక్క మండీ ఉంటుంది. రైతుకు న్యాయం ఎప్పుడూ జరుగుతుందని కాదు, కాని కొనేవారూ అమ్మేవారూ చాలామంది ఉంటారు, ఒకరి ధర మరొకరికి తెలుస్తుంది.

పేరంటాలపల్లి ఒడ్డు దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ వెదురుతో చేసిన పూలబుట్టలు, బొమ్మలు, అలంకరణ వస్తువులు అమ్ముతారు. ఆ కొండల్లో నివసించేవారు ప్రధానంగా కొండరెడ్లు. ప్రభుత్వం వీరిని ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చింది. వెదురు వీరికి ఇల్లు, బుట్ట, చేట అన్నీ. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అడవిపై ఆధారపడి జీవించేవారికి గుర్తించింది. బోటు ఒడ్డుకు తగిలాక గుడి చూడాలి, ఫొటోలు తీసుకోవాలి, మిగిలిన కొద్ది నిమిషాల్లో కొనాలి. కొనేవారికి ధర పోల్చుకునే వ్యవధి లేదు. అమ్మేవారికి ఈ బోటు వెళ్ళిపోతే మళ్ళీ బోటు వచ్చేదాకా గిరాకీ లేదు. ఇద్దరికీ తొందరే. అందుకే ఒకే బుట్ట మొదట ఎక్కువ ధర చెప్పి, సరంగు హారన్ కొట్టగానే సగానికి దిగివస్తుంది. చివరి నిమిషంలో బేరమాడి గెలిచామనుకునే పర్యాటకులు ఆ బుట్ట అల్లడానికి పట్టిన సమయాన్ని కూడా లెక్కలో వేసుకుంటే మంచిది.

ఆగే సమయాన్ని అరగంట పెంచితే బేరం తీరు మారుతుంది. దుకాణం ఎవరిదో, అల్లినది ఎవరో అడిగే తీరిక దొరుకుతుంది. కాని అరగంట పెంచితే తిరుగు ప్రయాణం చీకట్లో పడుతుంది. భద్రతా, బజారూ ఒకే గడియారానికి కట్టుబడి ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. ఉదయం బయలుదేరడంలో చేసిన ఆలస్యం సాయంత్రం గిరిజనుల అమ్మకాల్లోనే కోత పెడుతుంది, ఎందుకంటే భోజనం ఆపలేరు, సూర్యుణ్ణి ఆపలేరు.

ఇదే సమస్య ఇతర దేశాల్లో మరో రూపంలో కనిపిస్తుంది. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని కాన్ థో నగరం దగ్గర కాయ్ రాంగ్ అనే తేలే సంత ఉంది. అది నిజమైన టోకు మార్కెట్టు. ప్రతి పడవా తాను అమ్మే సరుకును పొడుగాటి గడకు వేలాడదీస్తుంది. గడకు అనాస పండు కట్టి ఉంటే ఆ పడవలో అనాస దొరుకుతుందని అర్థం. వ్యాపారం తెల్లవారుజామునే సాగుతుంది. ఎండెక్కాక వచ్చిన పర్యాటకులకు ఎక్కువగా కనిపించేది తోటి పర్యాటకులే. రోడ్లు మెరుగై సరుకు లారీలకు మళ్ళడంతో అక్కడ పడవల సంఖ్య తగ్గిపోతూ వచ్చింది. థాయిలాండ్‌లో బ్యాంకాక్‌కు పడమరగా ఉన్న డామ్నోన్ సదువాక్ సంత, 1860లలో తవ్విన కాలువపై ఉంది. అది నేడు దాదాపు పూర్తిగా పర్యాటకుల కోసమే నడుస్తోంది. మొదటిదాంట్లో సంత ముందు, పర్యాటకులు తరువాత. రెండోదాంట్లో పర్యాటకులు రాకపోతే సంత లేదు. పేరంటాలపల్లి రెండో రకానికే దగ్గర. అందుకే బోట్లు ఆగిపోయిన కాలంలో అక్కడి అమ్మకాలూ ఆగిపోయాయి. ఇందులో మరో చిక్కు ఉంది. పోలవరం జలాశయాన్ని పూర్తి స్థాయికి, అంటే 45.72 మీటర్లకు నింపితే ఈ ఒడ్డున ఉన్న అనేక గిరిజన గ్రామాలు మునుగుతాయి. అప్పుడు విహారం కొనసాగవచ్చు గాని, రేవులో ఎవరు ఉంటారు, ఏమి అమ్ముతారు అన్నది వేరే ప్రశ్న.

రాజమహేంద్రవరం తిరిగి చేరాక దొరికే కొనుగోళ్ళు దీనికి పూర్తి భిన్నం. తాడితోట వస్త్ర మార్కెట్టులో దుకాణం పక్కన దుకాణం, కడియంలో నర్సరీ పక్కన నర్సరీ. అక్కడ ధర పోల్చుకోవచ్చు, నచ్చకపోతే లేచి రావచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెదురు బుట్టకు అలాంటి పేరూ ముద్రా లేవు, అది ఎవరు అల్లారో కూడా కొన్నవారికి తెలియదు.

4.4 అభ్యాసం

(అ) 4.1లోని ఊహా లెక్కలో టికెట్టు ధరను 1,250 రూపాయలకు పెంచితే ఖర్చులు సరిపోవడానికి ఎంతమంది ఎక్కాలి? వరద రోజున బోటు ఆపితే యజమానికి కలిగే నష్టాన్ని ఎవరు, ఏ పద్ధతిలో భరించవచ్చో పది వాక్యాలలో రాయండి.

(ఆ) హార్స్‌లీ కొండపైగాని, మీకు దగ్గరలోని మరో పర్యాటక స్థలంలోగాని ఒక దుకాణదారుతో మాట్లాడండి. వాహనాలు ఎంతసేపు ఆగుతాయి, ఆ సమయాన్ని ఎవరు నిర్ణయిస్తారు, సరుకు ఎక్కడ తయారవుతుంది అన్న మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. ఆ జవాబులను మదనపల్లె మార్కెట్టులో టమోటా అమ్మిన ఒక రైతు అనుభవంతో పోల్చి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరువాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.