నిలబడి ముసలయ్యే టైరు

తెలుగునాట చక్రాల మీది ఇల్లు అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టాక ఎన్.టి.రామారావు ఒక పాత షెవర్లే వ్యానును తనకు తగ్గట్టు మార్పించుకున్నారు. దాని మీద నిలబడి మాట్లాడుతూ, అందులోనే కునుకు తీస్తూ రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగు ఆయన కొడుకు హరికృష్ణది. 1983 జనవరి ఎన్నికల దాకా ఆ బండికి పెద్దగా విశ్రాంతి లేదు. అలా రోజూ తిరిగే బండి టైరు ఎలా పోతుందో చెప్పడానికి విజ్ఞానశాస్త్రం అక్కర్లేదు. అరిగి పోతుంది.

వేలంలో పాత బస్సు కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. ఆ బస్సు సంక్రాంతి సెలవుల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కదులుతుంది. మిగతా ఏడాదంతా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఎండకు నిలబడి ఉంటుంది. టైరు గాడులు లోతుగా, కొత్తవాటిలాగే కనిపిస్తాయి. ఇంకో అయిదేళ్లకు ఢోకా లేదని చూసినవాళ్లంతా అంటారు. ఆ మాట నమ్మితే ప్రమాదం. మా అనంతపురం ఎండలో అయితే మరీను.

చిన్న లెక్క వేద్దాం. ఒక బస్సు టైరు లక్ష కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఇంటిబస్సు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. గాడులున్న పై పొర, అంటే ట్రెడ్డు, అరగడానికి పదహారేళ్లు దాటాలి. రబ్బరు అన్నాళ్లు బతకదు. అంటే ఇంటిబస్సు టైరు అరిగి పోవడం దాదాపు జరగదు, వయసు మీద పడే పోతుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క సంగతితో మారిపోతాయి.

సహజ రబ్బరు పొడవాటి అణువుల గొలుసులతో తయారైనది. గొలుసు పొడవునా కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలుంటాయి. గంధకం కలిపి వేడి చేస్తే గొలుసుకూ గొలుసుకూ మధ్య అడ్డు బంధాలు ఏర్పడి రబ్బరు గట్టిపడుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషన్ ఇదే. అయితే ఆ తర్వాత కూడా జంట బంధాల్లో చాలావరకు అలాగే మిగిలిపోతాయి. ఓజోన్ వాయువుకు అవే గురి. ఓజోన్ అంటే ఆకాశంలో ఎక్కడో ఉండే పొర మాత్రమే కాదు. వాహనాల పొగ మీద ఎండ పడితే నేల దగ్గర కూడా పుడుతుంది. గాలిలో వంద కోట్ల భాగాలకు కొన్ని పదుల భాగాలున్నా చాలు, సాగి ఉన్న రబ్బరును అది కోస్తుంది. పగుళ్లు సాగిన దిశకు అడ్డంగా పడతాయి. నిలిపి ఉంచిన బస్సు టైరు అడుగున పక్కకు ఉబ్బి ఉంటుంది కదా, ఆ ఉబ్బు దగ్గర రబ్బరు రాత్రింబవళ్లు సాగే ఉంటుంది.

దీనికి విరుగుడుగా టైరు తయారుచేసేవాళ్లు రబ్బరులో మైనాన్నీ, 6పీపీడీ వంటి రసాయనాలనూ కలుపుతారు. అవి మెల్లగా పైకి ఊరి, ఆవకాయ జాడీలో ముక్కల పైన తేలి నిలిచే నూనెలాగా, గాలి తగలకుండా పొర కడతాయి. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటేనే ఆ ఊట బాగా సాగుతుంది. నెలల తరబడి కదలని టైరు మీద పొర ఎండి చిట్లుతుంది, కొత్తది ఊరదు. టైరు నల్లగా మెరవాలని రాసే పెట్రోలియం పాలిష్‌లు ఉన్న పొరను కూడా కరిగించేస్తాయి. కడగడానికి సబ్బునీళ్లు చాలు. (ఈ 6పీపీడీకి ఇంకో కథ ఉంది. ఇది ఓజోన్‌తో కలిసినప్పుడు ఏర్పడే పదార్థం వాన నీటితో వాగుల్లోకి చేరి, అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో తేలింది. టైర్ల కంపెనీలు ఇప్పుడు ప్రత్యామ్నాయం వెతుకుతున్నాయి.)

పైకి కనిపించే పగుళ్లకన్నా పెద్ద ప్రమాదం లోపల ఉంటుంది. ఆక్సిజన్ రబ్బరులోకి ఇంకి, ఉక్కు తీగల పొరల మధ్య దాన్ని పెళుసుగా మారుస్తుంది. ఇలాంటి రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. అనంతపురంలో వేసవి నలభై డిగ్రీలు దాటడం మామూలే. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు అరవై దాటుతుంది. సాయంత్రపు ఎండ నేరుగా కొట్టే పడమటి వైపు టైర్లు నీడ వైపు వాటికన్నా ముందు ముసలివవుతాయి.

2012 సెప్టెంబరు 10న ఇంగ్లండులో హైండ్‌హెడ్ దగ్గర, సంగీతోత్సవం నుంచి జనాన్ని తీసుకొస్తున్న ఒక బస్సు ముందు టైరు పేలింది. బస్సు రోడ్డు దిగి చెట్టును గుద్దుకుంది. ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు పందొమ్మిదిన్నర ఏళ్లు. చనిపోయినవారిలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒకడు, టైరు అతనికన్నా పెద్దది. టైరు వయసుకు అప్పటి చట్టంలో హద్దే లేదు. అతని తల్లి ఏళ్ల తరబడి పోరాడాక, 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ బస్సులకూ లారీలకూ ముందు ఇరుసు మీద పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు.

వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టైరు సైడ్‌వాల్ మీద నాలుగంకెల సంఖ్య అచ్చువేసి ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. జంట చక్రాల్లో ఆ అంకెలు ఒక్కోసారి లోపలి వైపుకు తిరిగి ఉంటాయి, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరాల్సిందే. దసరాకు ఆయుధ పూజ చేసి, టైరు కింద నిమ్మకాయ పెట్టేటప్పుడు ఎలాగూ వంగుతాం కాబట్టి, ఆ రోజే అంకెలు కూడా చదివేస్తే మంచిది. అయిదేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించాలనీ, పదేళ్లకు ఎంత బాగున్నా తీసెయ్యాలనీ టైర్ల కంపెనీ మిషెలిన్ చెబుతుంది. ఈ ఎండలో ఆరుబయట నిలిపే బండికి పదేళ్లు ఎక్కువ. ముందు టైర్లకు ఆరేడేళ్లే హద్దు పెట్టుకోమంటాను. కొత్త టైరు అని అమ్మేది దుకాణంలో ఏడాదికి మించి పడి ఉంటే, ఇంకోటి చూపించమనండి. లారీవాడు దాన్ని రెండేళ్లలో అరగదీస్తాడు కాబట్టి అతనికి పట్టింపు లేదు. మీకు ఉండాలి.

వయసు తర్వాత బరువు. నలభై అయిదు మంది కూర్చునే బస్సులో మనుషులే మూడు టన్నులుంటారు. ఇంటి సామాను అంతకు మించదులే అనిపిస్తుంది, నిజం కూడా కావచ్చు. కానీ ఆ మూడు టన్నులు స్టాపు స్టాపుకూ దిగిపోతాయి, రాత్రి డిపోలో బస్సు ఖాళీగా పడుకుంటుంది. ఇల్లు ఎప్పటికీ దిగదు. పైగా మనుషులు బస్సంతా సర్దుకుని కూర్చుంటారు, ఇల్లు అలా కుదరదు. అయిదు వందల లీటర్ల నీళ్లంటే అరటన్ను. ఇన్వర్టరు బ్యాటరీ ఒక్కోటి యాభై కిలోలకు పైనే. వంటగదికి రెండు సెంటీమీటర్ల మందం గ్రానైట్ బల్ల వేయిస్తే చదరపు మీటరుకు యాభై కిలోలు దాటుతుంది. గ్రానైటూ తాడిపత్రి బండా చేతికందే జిల్లా కాబట్టి ఈ సరదా మనవాళ్లకు కాస్త ఎక్కువ. ఇవన్నీ ఎడమ వైపే కుదిరితే?

టైరు మీద 146/143 వంటి అంకెలు ఉంటాయి. 146 అంటే ఒంటరిగా ఉన్న టైరు 3,000 కిలోలు మోస్తుంది, 143 అంటే జంటలో ఉన్నప్పుడు 2,725 కిలోలు. జంటలో తక్కువ ఎందుకంటే, రెంటికీ భారం సమానంగా పడదు, లోపలి దానికి గాలి కూడా సరిగ్గా ఆడదు. ముందు ఇరుసును వేబ్రిడ్జి మీదికి ఎక్కిస్తే సరిగ్గా 6,000 కిలోలు చూపించిందనుకుందాం. రెండు 146 టైర్లకు సరిపోయిందని సంతోషిస్తాం. కానీ ఎడమ చక్రం మీద 3,200, కుడి మీద 2,800 ఉంటే ఎడమ టైరు కదిలిన ప్రతిసారీ రెండు వందల కిలోలు అదనంగా మోస్తోంది. అందుకే ట్యాంకు నింపి, సామాను సర్ది, మనుషులు ఎక్కాక, ఒక్కో ఇరుసునూ, వీలైతే ఒక్కో వైపునూ తూయించాలి. ఆ చీటీ చేతిలో లేకుండా టైర్ల దుకాణానికి వెళ్లడం దండగ. బస్సును ఇల్లుగా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి ఎలాగూ కావాలి, అక్కడా ఈ లెక్కలు పనికొస్తాయి.

సైజు విషయంలో సాహసాలు వద్దు. పాత ఆర్టీసీ రకం బస్సులకు ఎక్కువగా 10.00-20 సైజు, ట్యూబూ ఫ్లాపూ వేసే టైర్లుంటాయి. దూరప్రాంతాల ఏసీ బస్సులకు 295/80ఆర్22.5 ట్యూబులెస్‌లు. వీటిలో 152/148 రకం ముందు ఒక్కోటి 3,550 కిలోలు మోస్తుంది. బరువు చాలడం లేదని 20 అంగుళాల నుంచి 22.5కు మారాలంటే టైరుతోపాటు రిమ్ములూ మార్చాలి, 20 అంగుళాల రిమ్ము మీద అది కూర్చోదు. ఖర్చు ఎక్కువే, కానీ నా ఓటు దానికే. ట్యూబు టైరులో ట్యూబు రాసుకుని వేడెక్కుతుంది, పగిలితే గాలంతా ఒక్కసారే పోతుంది. ట్యూబులెస్‌లో ముల్లు దిగితే చాలాసార్లు నెమ్మదిగా పోతుంది. సర్కారు తుమ్మ కంపలు రోడ్డంచు దాకా వచ్చిన ఈ జిల్లాలో అది చిన్న లాభం కాదు. పైగా పాత రిమ్ముల మీద టైరును పట్టి ఉంచే లాక్ రింగు సరిగా కూర్చోకుండా గాలి పడితే ఎగిరొచ్చి మనిషి ప్రాణం తీయగలదు. దారిపక్క షాపులో ఇనుప బోను లేకుండా గాలి పట్టిస్తుంటే, ఆ టైరుకు ఎదురుగా నిలబడకండి.

రేడియలా, నైలానా అన్న ప్రశ్నకు ఈ రోజుల్లో జవాబు సులువు. ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పరిచిన నైలాను పొరలు తిరిగేటప్పుడు ఒకదానితో ఒకటి రాసుకుని వేడి పుట్టిస్తాయి. ఎక్కువ రోజులు నిలిపితే అడుగు భాగం చదునై, మొదటి కొన్ని కిలోమీటర్లు బస్సు దడదడలాడుతుంది. రేడియలే తీసుకోండి, ఒక ఇరుసు మీద రెండు రకాలూ కలపకండి. ఆరు టైర్లకూ నిలువు గాడుల హైవే రకమే చాలు. ఉరవకొండ వైపు నల్లరేగడిలో వానాకాలం దిగాలనే కోరిక ఉంటేనే వెనక దిట్టమైన గడ్డల టైర్లు.

రీట్రెడ్ మాటేమిటని చాలామంది అడుగుతారు. ఆర్టీసీ తన సొంత షాపుల్లో రీట్రెడ్ చేసి వెనక చక్రాలకు వాడుతుంది, అది తెలివైన పని. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బస్సుకు ట్రెడ్డు ముందు అరుగుతుంది, లోపలి కట్టడం ఇంకా పడుచుగా ఉంటుంది. ఇంటిబస్సులో తిరకాసు సరిగ్గా ఇక్కడే. కట్టడం ముందు ముసలవుతుంది, దాని మీద కొత్త ట్రెడ్డు అతికించి ప్రయోజనం లేదు. 2020లో ఆర్టీసీ తన ఇంద్ర ఏసీ బస్సులను సంజీవని పేరుతో కరోనా నమూనాలు సేకరించే కేంద్రాలుగా మార్చింది. టైర్లు అవే, కానీ రోజంతా పరుగెత్తే బండి కాస్తా నమూనాలు తీసేంతసేపూ నిలబడే బండి అయిపోయింది. అలాంటి బండికి పాత డిపో లెక్క పనికిరాదు.

గాలి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మే నెలలో గుత్తి దాటి ఆగి, వేడెక్కిన టైరు కొలిచి, ఎక్కువుందని గాలి తీసేస్తారు. పొద్దున 25 డిగ్రీల దగ్గర 110 పీఎస్ఐ పట్టిస్తే, లోపలి గాలి 65 డిగ్రీలకు వేడెక్కాక అదే టైరు 127 దాకా చూపిస్తుంది. వాయు నియమం ప్రకారం అది సహజం, టైరును ఆ లెక్కతోనే తయారుచేస్తారు. వేడి మీద 110కి దించితే మర్నాడు పొద్దుటికి 95 దగ్గర ఉంటుంది. గాలి తగ్గిన టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడే దాన్ని పేలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు, నీడలో కొలవాలి. రాడ్డుతో కొట్టి చప్పుడు వినడం కొలత కాదు. నైట్రోజన్ పట్టించాలా అంటే, మామూలు గాలిలో 78 శాతం అదే. తేమ ఉండకపోవడం తప్ప పెద్ద తేడా రాదు.

నిలిపినప్పుడు టైర్లకు తెల్లటి గుడ్డ తొడగడం, నెలకోసారి పది, ఇరవై కిలోమీటర్లు తిప్పి రావడం, వెల్డింగ్ షాపు పక్కన పెట్టకపోవడం మంచివి. వెల్డింగ్ మెరుపు కూడా ఓజోన్ పుట్టిస్తుంది. ఆరు టైర్లూ మార్చాక స్టెపినీ మీద అంకెలు కూడా చదవండి. చాలా బస్సుల్లో అది కొన్నప్పుడు వచ్చినదే, ఒక్క కిలోమీటరు కూడా తిరగనిదే, అందువల్ల అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపించేదే. ఎక్కువసార్లు బండి మొత్తంలో అన్నిటికన్నా పాత టైరు అదే అవుతుంది.