కడలిగాలిలో ఒంటరి బండి

హైదరాబాదునకు తూర్పున నున్న లాలాపేట సముద్రమునకు మిక్కిలి దూరము. ఆ నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తైన రాతినేలపై నున్నది. అయినను లాలాపేటలో వేకువన బయలుదేరి, ఉప్పలు దాటి, ఎల్.బి.నగర్ కడ విజయవాడ బాట పట్టిన బండి సాయంకాలమునకు మచిలీపట్టణము చేరగలదు. ఈ 65వ జాతీయ రహదారికి తూర్పు కొస మచిలీపట్టణమే. అచ్చట దానిని కలియు 216వ రహదారి, ఒంగోలునుండి బాపట్ల, నరసాపురము, కాకినాడల మీదుగా కత్తిపూడి వరకు, తీరమునకు చేరువగా సాగును.

ఈ బాటపై క్యాంపర్ వ్యానులో ఒంటరిగా పోవువారు కలరు. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి గల ఈ వ్యానును ఇంటిబండి యనవచ్చును. పూర్వము ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసునుండి కాశీయాత్రకు బయలుదేరినపుడు పల్లకీలు, డేరాలు, బోయీలు, వంటవారు వెంట నుండిరి. ఆయన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, తిరుగుదారిలో తూర్పుతీరము చూచి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. అంతమంది చేసిన పనిని నేడు ఒక్కడే చేసికొనవలెను. గాలిని కనిపెట్టుట అందులో మొదటిది.

పగటియెండకు నేల త్వరగా వేడెక్కును. నీరు నెమ్మదిగా వేడెక్కును. నేలపై వేడెక్కిన గాలి పైకి లేవగా, ఆ చోటికి సముద్రముపై చల్లని గాలి వచ్చును. ఇదియే సముద్రపవనము; మధ్యాహ్నము దాటిన పిదప దీని బలము హెచ్చు. రాత్రి నేల ముందుగా చల్లబడును గనుక గాలి నేలనుండి కడలికి మరలును.

గాలివేగము రెండింతలైన దాని తాకిడి రెండింతలు కాదు, నాలుగింతలు. ఇంటిబండికి ఎత్తైన పక్కగోడలు తెరచాపవంటివి. మచిలీపట్టణమునుండి నరసాపురము వైపు పోవునపుడు సముద్రము కుడిచేతి వైపున నుండును. అటునుండి వచ్చు గాలికి ఎదురుగా నడుపువాడు చక్రమును కొంచెము కుడికి పట్టియుంచును. అంతలో ఎదురుగా పెద్ద లారీ వచ్చి గాలిని అడ్డగించినచో, బండి ఒక్కసారిగా ఆ లారీవైపే జరుగును! లారీ దాటిపోగానే గాలి మరల ఎడమకు నెట్టును. సరుగుడు తోపు ముగిసిన చోటను, యానాము–ఎదుర్లంక వంతెనవంటి పొడవైన వంతెనలపైనను ఇట్టి కుదుపు కలుగును. వేగము తగ్గించుటకంటె దీనికి వేరు మందు లేదు. ప్రక్కన హెచ్చరించువాడు లేడు గనుక అలసట తెలియకముందే ఆగవలెను.

బండి నిలుపునపుడు ముక్కు గాలివైపునకు త్రిప్పవలెను. అపుడు తాకిడి తక్కువ. తాటిచెట్ల క్రింద నిలుపరాదు. కాయలును మట్టలును పడును. తడి యిసుకలోనికి దింపినచో చక్రములు కూరుకొనిపోవును. త్రోయుటకు రెండవ మనిషి ఉండడు. గాలి వీచు వైపు తలుపు మూసి, కిటికీ తెరచిన పిదపనే పొయ్యి వెలిగింపవలెను. రాత్రి ఏ యూర నిలిచినది ఇంటివారికి తెలుపక నిద్రపోరాదు.

ఇవన్నియు మామూలు గాలికి. తుపానుగాలి మాట వేరు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, ఊళ్లకు ఊళ్లను ముంచెను. ఆ తుపానునకు సుమారు 10,000 మంది బలియైరి. ఇటుకగోడలే నిలువని చోట రేకుబండి ఎంత? నేడు మచిలీపట్టణమునను, విశాఖపట్టణమునను డాప్లర్ రాడారులు మేఘములను కనిపెట్టుచున్నవి. ఓడరేవులలో 1 నుండి 11 వరకు ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. అక్టోబరు, నవంబరు మాసములలో వాయుగుండమను మాట వినబడగానే తీరము విడిచి లోనాటికి మరలవలెను. అద్దె చెల్లించితిమి, సెలవు మిగిలియున్నది అను లెక్కలు అప్పుడు పనికిరావు.

వాతావరణము నెమ్మదిగా నున్న దినములలో తెల్లవారుజామున గాలి మందగించును. చేపలవారు పడవలను నీటిలోనికి త్రోయుచుందురు. ఆనాటి గాలి ఎట్లుండునో వారినడిగి తెలిసికొని, ఒంటరి బాటసారి టీ కాచుకొని, ఎండ ముదురకముందే బండి కదలించును.