స్పీడ్ బాగానే ఉన్నా వీడియో కాల్ ఆగిపోతోందా? ఫైర్‌వాల్‌లో ఈ పోర్టులు చూడండి

స్పీడ్ టెస్ట్‌లో 40 ఎంబీపీఎస్ వస్తుంది. యూట్యూబ్ హెచ్‌డీలో ఆగకుండా ఆడుతుంది. మీట్ కాల్ మొదలవగానే మాత్రం గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, వీడియో ఫ్రీజ్ అవుతుంది. వనపర్తి జిల్లా పెద్దమందడిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లకి ఇది చిన్న సమస్య కాదు, జాబ్ పోవచ్చు. ఇప్పుడు రైతులకీ వీడియో కాల్ అవసరమే. 2024 మార్చి 6న మొదలైన ‘రైతు నేస్తం’ తొలి విడతలో రాష్ట్రంలోని 110 రైతు వేదికలను వీడియో కాన్ఫరెన్స్‌తో కలిపారు. తెగులు గురించి రైతు అడిగింది శాస్త్రవేత్తకి సగమే వినిపిస్తే లాభమేంటి?

నిజానికి 720పీ కాల్‌కి జూమ్ అడిగేది సుమారు 1.2 ఎంబీపీఎస్ మాత్రమే. కాబట్టి ప్లాన్ మార్చే ముందు ఫైర్‌వాల్ సంగతి చూడండి.

యూడీపీ ఎందుకు?

టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగుతాయి. ఒక్కరు ఎక్కలేదని బస్సు మొత్తం ఆపేసినట్టు. ఫైల్ డౌన్‌లోడ్‌కి అది మంచిదే. మాటకి మాత్రం పనికిరాదు, ఆలస్యంగా వచ్చిన మాట రానట్టే లెక్క. యూడీపీ అయితే పోయినదాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. కాలేజీ, ఆఫీస్ ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తే యాప్ టీసీపీ 443కి మారుతుంది. కాల్ కనెక్ట్ అవుతుంది కానీ నెట్‌వర్క్ కాస్త తగ్గినా ఇబ్బంది పెడుతుంది.

ఏ యాప్‌కి ఏ పోర్టులు?

- గూగుల్ మీట్: యూడీపీ 3478, 19302–19309
- జూమ్: యూడీపీ 3478, 3479, 8801–8810
- మైక్రోసాఫ్ట్ టీమ్స్: యూడీపీ 3478–3481

వీటితో పాటు టీసీపీ 443 కూడా ఓపెన్‌గా ఉండాలి. ఇవన్నీ అవుట్‌బౌండ్ రూల్స్, అంటే లోపలి నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్‌కే.

పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్లకండి

కాల్ సరిగ్గా రావట్లేదని ఇంటి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేవాళ్లు, డీఎంజెడ్ ఆన్ చేసేవాళ్లు ఉన్నారు. కాల్‌ని మొదలుపెట్టేది మీ ఫోనే కాబట్టి, సమాధానంగా వచ్చే ప్యాకెట్లను రూటర్ దానంతట అదే లోపలికి వదులుతుంది. డీఎంజెడ్ వల్ల కాల్ బాగుపడదు, మీ ల్యాప్‌టాప్ మాత్రం ఇంటర్నెట్‌కి తలుపులు తెరిచి కూర్చుంటుంది. సొంతంగా జిట్సీ సర్వర్ నడిపేవాళ్ల సంగతి వేరు, వాళ్లు సర్వర్ వైపు యూడీపీ 10000ని ఇన్‌బౌండ్‌లో తెరవాలి.

రెండు నిమిషాల టెస్ట్

1. అదే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి కాల్ చేయండి. అక్కడ బాగుండి వైఫైలో ఆగితే అనుమానం వైఫై సిగ్నల్ మీద, ఫైర్‌వాల్ మీద.
2. రూటర్ పక్కనే కూర్చుని మళ్లీ చేయండి. అప్పుడూ ఆగితే ఫైర్‌వాల్ మీద అనుమానం ఇంకా పెరుగుతుంది.
3. కాలేజీ, ఆఫీస్ నెట్ అయితే అడ్మిన్‌కి “నెట్ స్లో” అని చెప్పకండి. “మీట్‌కి అవుట్‌బౌండ్ యూడీపీ 3478, 19302–19309 ఓపెన్‌గా ఉన్నాయా?” అని అడగండి. ఎక్కడ చూడాలో వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఇంటర్వ్యూ ఉంటే ఈ టెస్ట్ ముందురోజే, అదే నెట్, అదే యాప్‌తో చేసుకోండి. హాట్‌స్పాట్‌ని బ్యాకప్‌గా రెడీగా పెట్టుకోండి.